మాటలేని తొలి కృతి

ఒక కవి గాని, గాయకుడు గాని, చిత్రకారుడు గాని లోకము నెదుట తొలిసారిగా ఉంచిన కృతిని విమర్శకులు సాధారణముగా దయతోనే చూతురు. దోషములు కనబడినచో వానిని వయస్సు మీదికి నెట్టి, గుణములు కనబడినచో వానిని భవిష్యత్తు ఖాతాలో వేసి, ఈ రెండింటి నడుమ నున్న అసలు కృతిని మాత్రము చూడక దాటిపోవుదురు. ఈ దయ పలుమారు న్యాయమే. శ్రీశ్రీ 1928లో ప్రకటించిన ‘ప్రభవ’ పద్యములను చదివినవారెవరును, 1950లో గ్రంథరూపమున వెలువడిన ‘మహాప్రస్థానము’ అట్లుండగలదని ఊహించి యుండరు. మొదటిది పెద్దల బాటలో నడక నేర్చుకొనిన కృతి, నడక వచ్చిన పిమ్మట బాటయే మారినది. కాని అరుదుగా కొన్ని తొలి కృతులు పుట్టుకతోనే పరిపూర్ణములై యుండును. వాని వెనుక వచ్చునవన్నియు చేర్పులో, తీసివేతలో అగునే కాని వికాసములు కానేరవు. అట్టి కృతికర్తల బ్రదుకు ఒక విధముగా కష్టమైనది. తాము తొలినాడే చెప్పివేసిన దానికి మిగిలిన కాలమంతయు తామే వ్యాఖ్యాతలుగా నుండవలసివచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునకు రాజధానియైన శాక్రమెంటో నగరమునుండి హెల్లా అను పేరుగల ఇరువురి వాద్యబృందము 2002లో వెలువరించిన మొదటి పూర్తి ఆల్బము ‘హోల్డ్ యువర్ హార్స్ ఈజ్’ ఈ రెండవ కోవకు చెందినదని మా అభిప్రాయము. సాహిత్యపత్రికలో దీని ప్రసక్తి యెందుకని అడుగు పాఠకులకు సమాధానము ఈ పుటలలోనే దొరకునని ఆశించుచున్నాము. దొరకనిచో, సంపాదకునకు అప్పుడప్పుడైనను తనకు నచ్చిన దానిని గూర్చి వ్రాసికొను హక్కు కలదని మన్నింతురు గాక.

ఈ ఇరువురిలో స్పెన్సర్ సైమ్ గిటారు వాయించును, జాక్ హిల్ డ్రమ్ములు వాయించును. వీరు మునుపు లెగ్స్ ఆన్ ఎర్త్ అను బృందములో కలిసి పనిచేసినవారు. ఆ బృందము చెదరిపోగా, చెదరినవారిలో ఇద్దరే మిగిలి, మూడవవానికొఱకు వెదకుట మాని, ఉన్నదానితోనే సంగీతము చేయుటకు పూనుకొనిరి. గాయకుడు లేడు, బేస్ గిటారు లేదు, పాట లేదు, పల్లవి లేదు. వాషింగ్టన్ రాష్ట్రములోని ఒలింపియా పట్టణమున 1991లో నెలకొని, పెద్ద కంపెనీల ప్రాపకము లేక స్వతంత్రముగా రికార్డులను వెలువరించుటలో పేరుగాంచిన కిల్ రాక్ స్టార్స్ అను సంస్థకు అనుబంధముగా, మఱింత సాహసోపేతమైన సంగీతమునకై ఏర్పడిన ఫైవ్ రూ క్రిస్టీన్ వారు దీనిని ప్రచురించిరి. నలుబది నిమిషములకు మించని ఈ ఆల్బములో తొమ్మిది రచనలు కలవు. వానిలో మొదటిది, వీడియో గేముల యంత్రములనుండి వచ్చు కిచకిచ ధ్వనులను బోలిన చిన్న నాంది మాత్రమే. ఆ నాంది ముగిసిన క్షణమున ‘బిబ్లికల్ వయొలెన్స్’ అను రెండవ రచన మొదలగును, అచ్చటినుండి శ్రోతకు తీరిక యుండదు.

ఈ బాణీని లోకము మ్యాథ్ రాక్ అని పిలుచుచున్నది. వాయించువారిలో పెక్కురు ఈ పేరు వినగానే మొగము ముడుచుకొనుటయు కలదు. రాక్ సంగీతము పుట్టిననాటినుండి దాని నడక నాలుగు దెబ్బల చతురస్రము. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సాగుచు, రెండవ నాలుగవ దెబ్బలపై స్నేర్ డ్రమ్ము ఊనిక నిచ్చుచుండగా, ఆ ఊనికకు జనము చప్పట్లు చఱచుచు చిందులు వేయుచు వచ్చిరి. ఈ చతురస్రమును విడిచి అయిదు, ఏడు, పదకొండు అక్షరముల నడకలలోనికి దిగుట పాశ్చాత్యులకు కొత్త కాకపోయినను, జనరంజకమైన సంగీతమున అది ఎప్పుడును విశేషముగానే పరిగణింపబడినది. డేవ్ బ్రూబెక్ బృందము 1959లో వినిపించిన ‘టేక్ ఫైవ్’ అయిదు దెబ్బల నడకయగుటచేతనే చర్చకు వచ్చినది, పింక్ ఫ్లాయిడ్ వారి ‘మనీ’ 1973లో ఏడు దెబ్బలపై నడచియు జనుల నోట నిలిచినది. 1981లో కింగ్ క్రిమ్సన్ వారు ‘డిసిప్లిన్’ అను ఆల్బములో రెండు గిటార్లకు భిన్నమైన పొడవుగల ఆవృత్తుల నిచ్చి, అవి విడిపోవుటయు మరల కలియుటయు అనెడి క్రీడనే రచనకు ప్రాణముగా చేసిరి. అటుపిమ్మట కెంటకీ రాష్ట్రములోని లూయివిల్ నగరమునుండి స్లింట్ అను బృందము 1991లో ‘స్పైడర్లాండ్’ను, పిట్స్‌బర్గ్ నుండి డాన్ కబయేరో అను బృందము 1993 మొదలుకొని పెక్కు ఆల్బములను వెలువరింపగా, వానినన్నిటిని ఒక గాటకట్టుటకు లోకమునకు ఒక పేరు కావలసివచ్చినది. డాన్ కబయేరో యందు డేమన్ షే యను డ్రమ్ముకాడు వెనుక కూర్చుండియు ముందున్న గిటార్లను ఏలుట, హెల్లా రాకకు ఒక విధముగా దారి సిద్ధపఱచినదని చెప్పవలెను.

తెలుగువాని చెవికి ఏడు లెక్క భయము గొల్పదు. గురజాడ అప్పారావుగారు ముత్యాలసరమును కల్పించినప్పుడు దానికి మూడును నాలుగును కలిసిన మిశ్రగతినే నడకగా ఇచ్చిరి. శతాబ్దమునకు పైగా బడిపిల్లలు సైతము ఆ ఏడుమాత్రల తూగును లెక్కింపకయే చదువుచున్నారు. మిశ్రచాపు, ఖండచాపు తాళములలోని కీర్తనలకు తలయూపు ఇల్లాండ్రు ఏడింటిని, అయిదింటిని ఎన్నడును వ్రేళ్లపై ఎంచి యెఱుగరు. సూళాది సప్తతాళములు అయిదు జాతులచేత ముప్పదియైదగుటయు, అవి అయిదు గతులచేత నూటడెబ్బదియైదగుటయు మన సంగీతపాఠములలో మొదటి యేటనే చెప్పుదురు. ఇంత సంపద గల ఇంటివారము గనుక, పరదేశమున ఎవడో ఏడులెక్క వాయించినంతనే అది మన ఇంటినుండి పోయిన సొత్తే యని చాటుకొనుట మనవారికి వేడుక. నిజముగా పోయిన సొత్తు కొంత లేకపోలేదు: జాన్ మెక్‌లాఫ్లిన్ అను గిటారు విద్వాంసుడు వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నభ్యసించి, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్, జాకీర్ హుస్సేన్ వంటివారితో శక్తి అను బృందమును నడపి, మన లయను పాశ్చాత్య యువకుల చెవిని వేసినవాడు. కాని శాక్రమెంటో యువకులిద్దరిని కూడ మన తాళములకు శిష్యులుగా చేసి గర్వపడుట తగదు. వారి లెక్క వేఱు, దాని వెనుకనున్న మనోధర్మమును వేఱు.

ఆ భేదమును కొంచెము విడమఱచి చెప్పవలసియున్నది. ఏలయన, మన శ్రోత ఈ ఆల్బమును విని నిరాశ చెందుటకో, అపార్థము చేసికొనుటకో కారణము సరిగా ఇచ్చటనే కలదు. మన పద్ధతిలో తాళము మొదటనే స్థిరపడిన ఆవర్తము. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములనిన, ఆ రచన సాగినంతసేపును ఎనిమిదే. మృదంగ విద్వాంసుడు ఆ ఎనిమిదింటి లోపల అయిదుల కట్టడములు కట్టవచ్చును, ఏడుల కట్టడములు కట్టవచ్చును, శ్రోతను అడవులపాలు చేసి త్రిప్పవచ్చును, కాని తుదకు ముక్తాయింపు ముగియునప్పుడు ఎత్తుగడ యెచ్చటనో అచ్చటికే వచ్చి చేరవలెను. అట్లు చేరిన క్షణమున సభ యంతయు ‘భళా’ యనుటలో ఉన్న ఆనందము, ఇల్లు కదలక యుండుటవలన కలుగు ఆనందము. ఈ మ్యాథ్ రాక్ నందు ఇల్లే కదలును. ఏడు దెబ్బల వాక్యము మూడుమాఱులు పలికి, నాలుగవమాఱు ఒక దెబ్బ తక్కువగా పలికి, వెంటనే మఱియొక పొడవుగల వాక్యములోనికి దూకుట ఇచ్చటి ఆచారము. బయట చేతితో తాళము వేయువాడు లేడు, వేయదలచినను చేయి నిలువదు. వాయించువారు కూడ అంకెలను లెక్కింపరు. వాక్యమును వాక్యముగా జ్ఞాపకముంచుకొందురు, రెండవవాని చేతిని కనిపెట్టుకొని యుందురు. కావున లెక్క యనునది ఈ సంగీతమునకు లక్షణము కాదు, మిగిలిన అవశేషము మాత్రమే; ఛందస్సు తెలిసినవాడు వచనపద్యమును గణవిభజన చేసి చూపగలిగినంత మాత్రమున ఆ పద్యము గణములచేత పుట్టినదని చెప్పజాలము గదా.

ఇక ఇరువురనుటలోని విశేషము. మువ్వురో నలువురో గల రాక్ బృందమున బేస్ గిటారు చేయు పని వినువారికి తఱచుగా తెలియదు, అది లేనప్పుడే తెలియును. డ్రమ్ముల లయకును గిటారు స్వరములకును నడుమ అది వంతెన. క్రింది స్థాయిలో ఆధారస్వరమును మోయుచు, పైవాడు ఎంత దూరము పోయినను తిరిగివచ్చుటకు నేల నిచ్చునది. అట్టి నేలను తీసివేసిన పిమ్మట మిగిలిన ఇద్దరికి రెండు దారులు కలవు: ఖాళీని ఖాళీగా విడిచి నెమ్మదిగా నడచుట, లేదా ఖాళీ కనబడనంత వడిగా పరుగెత్తుట. హెల్లా వారు రెండవదానిని ఎన్నుకొనిరి. సైమ్ తన గిటారు మెట్లపై ఎడమచేతి వ్రేళ్లతోనే గాక కుడిచేతి వ్రేళ్లతోను తట్టి పలికించుచు, మీటుటకు బదులుగా రెండు చేతులతో నేయుచున్నాడో యనునట్లు, చిన్న చిన్న స్వరవాక్యములను తెంపు లేక తిరుగవేయును. హిల్ ఆ వాక్యముల క్రింద తాళము వేసి ఊరకుండువాడు కాడు. స్నేరుపై, తాళపుబిళ్లలపై, కాలితో మ్రోగు పెద్దడ్రమ్ముపై ఒకేమాఱు విరుచుకొనిపడి, ప్రతి సందునందును దూఱి, గిటారు చెప్పిన దానికి బదులు చెప్పుచు, కొన్నిచోట్ల అడ్డుతగులుచు, కొన్నిచోట్ల ముందుగానే అందుకొని పోవుచుండును.

మొదటి వినుకలిలో ఇదంతయు గిటారు పాటయు, దానిపై డ్రమ్ముల అల్లరియు అని తోచును. రెండవ మూడవ వినుకలులలో కాని అసలు మర్మము తెలియదు. ఇచ్చట కాలమును మోయుచున్నది గిటారు, పాడుచున్నది డ్రమ్ము. తిరిగి తిరిగి వచ్చు స్వరవాక్యము తాళపు పనిని తనమీద వేసికొనగా, తాళపు భారము తీరిన డ్రమ్ముకాడు గాయకుని స్వేచ్ఛను సంపాదించుకొనినాడు. మన కచేరీలో తని ఆవర్తన మొదలైనప్పుడు అంతవఱకు పాడుచున్న విద్వాంసుడు పాట మాని చేతితో తాళము వేయుచు మృదంగమునకు సేవకుడగునే, ఆ పది నిమిషములలో జరుగు పాత్రల మార్పిడిని ఈ ఇరువురు ఆల్బము పొడుగునను నడపిరి. ఇది కేవలము మా ఊహ కాదనుటకు ఒక చిన్న నిదర్శనము కలదు: పాత నింటెండో వీడియో గేముల సంగీతమును గిటార్లతో మరల వాయించుటయే పనిగా పెట్టుకొనిన, నెవాడా సిటీకి చెందిన ది అడ్వాంటేజ్ అను మఱియొక బృందమున ఈ సైమే డ్రమ్ములు వాయించువాడు. డ్రమ్ముకాని చేతులు గిటారు పట్టినప్పుడు ఏమగునో ఈ ఆల్బము చెప్పుచున్నది. ఆ గేముల సంగీతము కూడ, యంత్రము ఒక్కమాఱు రెండు మూడు స్వరములకంటె ఎక్కువ పలుకజాలని కాలమున, అతివేగముగా స్వరములను మార్చి సంపూర్ణతను భ్రమింపజేసిన కళ. కొఱతను వేగముచేత కప్పుట అను విద్యను సైమ్ బాల్యములోని బొమ్మలపెట్టెనుండియే తెచ్చికొని యుండవచ్చును.

పల్లెలలో ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి రోకళ్లు వేయుట చూచినవారికి ఈ ఇరువురి పొత్తు సులభముగా బోధపడును; ఒక రోకలి లేచుటలోనే రెండవది పడును, ఎవరును ఎవరికిని లెక్క చెప్పరు, చెప్పుటకు నిలిచినచో రోకళ్లు తగులుకొనును.

మాటలేమి మన శ్రోతకు రెండవ అడ్డంకి. మనకు వాద్యసంగీతము లేక కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్‌ను, ఈమని శంకరశాస్త్రిగారి వీణను, షేక్ చినమౌలానాగారి నాదస్వరమును విని పొంగిన జాతి మనది. కాని మన వాద్యము గాత్రమునకు నీడ. వీణపై త్యాగరాజకృతి పలుకునప్పుడు సాహిత్యము తెలిసిన శ్రోత లోలోపల ఆ మాటలనే వినుచుండును. వైణికుడును మాట విఱుగని చోటనే మీటు వేయును. అందుచేత మనము మాటలేని సంగీతమును వినుచున్నామని అనుకొనుచు, నిజమునకు మాటనే మఱియొక గొంతుతో వినుచున్నాము. హెల్లా సంగీతము వెనుక దాగిన మాట ఏదియు లేదు. దీనికి అర్థమేమని అడుగుట, వాన కురియుచుండగా దాని తాత్పర్యము చెప్పుమనుట వంటిది. సాహిత్యజీవులకు ఈ స్థితి ఇబ్బందికరము. అయినను అప్పుడప్పుడు ఇట్టి ఇబ్బంది మనకు అవసరమని మేము తలంతుము. ప్రతి కవితలోను సందేశమును వెదకి, దొరకనిచో కవిని నిలదీసి, దొరకినచో కవితను పాఱవేసి సందేశమును ఇంటికి తీసికొనిపోవు అలవాటు మన విమర్శలో బలిసిపోయినది. నిర్మాణమే భావముగా గల కృతి నెట్లు చదువవలెనో నేర్చుకొనుటకు మాట లేని చోటే మంచి బడి.

మాటలు లేవంటిమి గాని, ఒక్కచోట మాత్రము ఉన్నవి: శీర్షికలలో. ‘కెఫెటీరియా బనానాస్’, ‘బెటర్ గెట్ ఎ బ్రూమ్!’ వంటివి కుఱ్ఱతనపు కొంటెతనములు. వానిని గూర్చి చెప్పుటకు ఏమియు లేదు. కాని రెండు శీర్షికల వెనుక ఆ నేల చరిత్ర కొంత కలదు. వానిలో ఒకటి ‘రిపబ్లిక్ ఆఫ్ రఫ్ అండ్ రెడీ’. శాక్రమెంటోకు ఈశాన్యముగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, నెవాడా కౌంటీలో, రఫ్ అండ్ రెడీ అను ఊరు నేటికిని కలదు. 1848లో కొలొమా వద్ద బంగారము బయటపడిన పిమ్మట ఆ కొండలలోనికి తండోపతండములుగా చేరిన జనములో, విస్కాన్సిన్ నుండి వచ్చిన గనికార్మికుల గుంపొకటి 1849లో ఈ ఊరిని నెలకొల్పినది. మెక్సికో యుద్ధమున సేనాని, ఆపై దేశాధ్యక్షుడు అయిన జాకరీ టేలరునకు సైనికులు పెట్టిన ముద్దుపేరే ఊరిపేరైనది. గనులపై విధింపబడిన పన్నునకు కోపించి, ఈ ఊరివారు 1850 ఏప్రిల్ 7న సభ తీర్చి, తాము అమెరికా సంయుక్తరాష్ట్రములనుండి విడిపోయి స్వతంత్ర గణరాజ్యముగా ఏర్పడితిమని ప్రకటించుకొనిరి. ఆ గణరాజ్యము మూడుమాసములైనను నిండక మునుపే అంతరించినది. జూలై నాలుగవ తేది స్వాతంత్ర్యదినోత్సవమును జరుపుకొనుట మానలేకనో, పొరుగూరి మద్యశాలలవారు పరదేశులకు సరకు అమ్మమనుటచేతనో మరల దేశములో కలిసిరని స్థానికులు నవ్వుచు చెప్పుకొందురు. మద్యము మాట ఎంతవఱకు సత్యమో గాని, ఆ విడిపోవుటను ఊరివారు నేటికిని ఏటేట ఉత్సవముగా జరుపుకొనుచున్నారు. బేస్ గిటారునుండి, గాయకునినుండి, నాలుగు దెబ్బల చతురస్రమునుండి విడిపోయి, ఇద్దరే ప్రజలుగా గల గణరాజ్యమును ప్రకటించుకొనిన బృందమునకు ఈ శీర్షిక ఎంత తగినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వారు అంత ఆలోచించి పెట్టిరో లేదో మనకు ముఖ్యమును కాదు.

రెండవది ‘1-800-ఘోస్ట్-డాన్స్’. నెవాడా ప్రాంతపు పాయూట్ తెగకు చెందిన వోవోకా అను ద్రష్ట 1889లో కలిగిన దర్శనముచేత, చనిపోయిన పూర్వులు తిరిగివత్తురనియు, తెల్లవారు పోయి భూమి మరల పచ్చనగుననియు, దానికై వలయముగా నిలిచి నృత్యము చేయవలెననియు ఉపదేశింపగా, ఆ ప్రేతనృత్యము తెగనుండి తెగకు వ్యాపించినది. ప్రభుత్వము దానిని చూచి బెదరినది. 1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ వద్ద సైనికులు లకోటా స్త్రీలను, పిల్లలను, వృద్ధులను వందలకొలదిగా చంపిరి. ఇట్టి జ్ఞాపకమునకు ముందు, వ్యాపారసంస్థలు కొనుగోలుదారులకిచ్చు ఉచిత టెలిఫోను అంకెలను తగిలించుటలో క్రూరమైన హాస్యము కలదు. సర్వమును సరకుగా మార్చి అమ్ము దేశమున, చంపినవారి ప్రార్థనయు అంగడికి వచ్చుననుట ఆ శీర్షిక అర్థమై యుండవచ్చును; లేక ఇరువదియేండ్ల వయస్సు చేయు తుంటరితనమైనను కావచ్చును. మాకు మాత్రము ఈ హాస్యము పూర్తిగా మింగుడుపడలేదు. మాటను విడిచిన కళాకారుడు మరల ఒక్క పంక్తి మాట వ్రాయదలచినప్పుడు, విడిచినదానికి తగినంత బరువు ఆ పంక్తికి ఉండవలెనని కోరుట అత్యాశ కాదు.

దోషములను గూర్చి మొదలుపెట్టితిమి గనుక మిగిలినవియు చెప్పివేయుదము. ఈ ఆల్బమునకు విశ్రాంతి యనునది తెలియదు. ఆరంభమునుండి తుదిదాక ఒకే వేడి, దాదాపు ఒకే బిగువు. విలంబితము లేదు, చౌకకాలపు నిబ్బరము లేదు. మూడు నాలుగు రచనలు గడచునప్పటికి శ్రోత చెవి మొద్దుబాఱి, భేదములను పట్టుకొను శక్తిని కోల్పోవును. నడుమనున్న రచనలు ఒకదానితో నొకటి కలిసిపోయినట్లు తోచుట వాని తప్పు కాదు, వాని వరుసక్రమపు తప్పు. మాకు పరిచితుడైన ఒక పెద్ద మృదంగ విద్వాంసుడు రెండు రచనలు ఓపికతో విని, ‘చేయి గొప్పది, మౌనము నేర్వలేదు’ అనెను. ఆయన తీర్పులోని మొదటి సగమును మేము సంపూర్ణముగా అంగీకరింతుము. రెండవ సగమును అంగీకరించుచునే, మౌనము నేర్చిన పిమ్మట ఈ కృతి పుట్టి యుండెడిది కాదని మనవి చేయుదుము. రికార్డు చేసిన ధ్వనియు గరుకుగానే యున్నది. పెద్ద స్టూడియోల మెఱుగు దీనికి లేదు. ఆ గరుకుతనమువలన లాభమే కలిగినది, ఒక్కొక్క దెబ్బ ఏ చర్మముపై పడినదో చెవికి తెలియుచున్నది.

తరువాతి కథను సంగ్రహముగా చెప్పుట చాలును. 2004లో వచ్చిన ‘ది డెవిల్ ఈజంట్ రెడ్’ మొదటిదానికి చక్కని తమ్ముడు. కొన్నిచోట్ల అన్నకంటె నేర్పరి. 2005లో వారు ఒక విచిత్రమైన జంట ఆల్బమును వెలువరించిరి: ఒక సగమును హిల్ ఒంటరిగా, రెండవ సగమును సైమ్ ఒంటరిగా చేసిరి. వారి పొత్తు రహస్యమును తెలిసికొనగోరువారికి ఈ జంట కంటె మంచి ప్రయోగశాల దొరకదు. విడివిడిగా ఇద్దరును ప్రతిభావంతులే, కాని ఏ సగమునందును ఆ మూడవ వస్తువు, ఇద్దరి నడుమ మాత్రమే పుట్టునది, కానరాదు. 2007లో ‘దేర్స్ నో 666 ఇన్ ఔటర్ స్పేస్’ నాటికి గాయకునితో గూడ ఐదుగురైరి. అప్పుడు బేస్ వచ్చినది, మాట వచ్చినది, లోటు లేదనిపించునంత సంపద వచ్చినది. సంపదతోపాటు సామాన్యతయు వచ్చినది. ఇతరులు అట్లే చేయుచున్నారు గదా యనిపించు సంగీతమును వారు తొలిసారిగా చేసిరి. 2011లో ‘ట్రిప్పర్’ కొఱకు మరల ఇద్దరే యగుట, పై మాటను వారును గ్రహించిరనుటకు సాక్ష్యముగా మేము భావించుచున్నాము. ఆ నడుమనే, 2010లో, హిల్ అదే నగరమున డెత్ గ్రిప్స్ అను బృందమును స్థాపించినవారిలో ఒకడై, డ్రమ్ముల ఉద్రేకమును మాటల ఉద్రేకముతో జతపఱచి, హెల్లాకు ఎన్నడును లభింపని ప్రఖ్యాతిని సంపాదించెను. నేటి యువకులలో పెక్కురు ఆ ప్రఖ్యాతి వెంట వెనుకకు నడచివచ్చియే 2002 నాటి ఈ ఆల్బమును చేరుకొనుచున్నారు. శాక్రమెంటో శివారు పట్టణమైన రోజ్‌విల్ నుండి 2004లో బయలుదేరిన టెరా మెలోస్ వంటి బృందములను విన్నచో, ఆ ప్రాంతపు గాలిలో ఈ ఇరువురి వడి ఎంతగా కలిసిపోయినదో తెలియును.

కావున మేము మొదట చెప్పిన మాటనే నిలుపుకొనుచున్నాము: ఇది పిల్లల తొలి యత్నమని దయతలచి వినదగిన కృతి కాదు. లోపములతో గూడియే పూర్తియైనది. ఆ లోపములను తీర్చుటకు పూనుకొనినప్పుడెల్ల కృతికర్తలే నష్టపడిరి.

వినగోరు పాఠకులకు రెండు మాటలు. సెల్‌ఫోనులోని చిన్న స్పీకరుతో దీనిని వినవద్దు. పెద్దడ్రమ్ము వినబడనిచో సగము సంభాషణ పోవును, చెవులకు తగిలించుకొను మంచి హెడ్‌ఫోనులైనను ఉండవలెను. తొమ్మిదింటిని ఒక్క బిగిని వినుటకు యత్నింపవద్దు. ‘బిబ్లికల్ వయొలెన్స్’ ఒక్కదానినే మొదట గిటారును అనుసరించుచు ఒకమాఱు, పిమ్మట డ్రమ్ములను అనుసరించుచు ఒకమాఱు వినుడు, తాళము వేయుటకు చేయి ఎత్తకుడు. అది రుచించినచో ‘రిపబ్లిక్ ఆఫ్ రఫ్ అండ్ రెడీ’కి పొండు, అటుపిమ్మట ‘ది డెవిల్ ఈజంట్ రెడ్’కు. 2007 నాటి ఐదుగురి ఆల్బమునకు తొందర లేదు.